పెరటి ప్రశ్నలు: ఎడారిలో దానిమ్మ, విశాఖలో దానిమ్మ

పోయిన సంచికలో ఈ శీర్షికలో ఒక మాట రాశాను, దానిమ్మ ఎండను కోరుకునే చెట్టని, ఇరాన్ మొదలుకొని మన ఉత్తర భారతం దాకా ఉన్న పొడి నేలలే దాని పుట్టిల్లని. ఆ ఒక్క మాటకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. రాసినవాళ్ళంతా విశాఖవాళ్ళే, వాళ్ళు అడిగిన చెట్లలో సగం మాత్రం విశాఖలో లేవు. ఒకటి అరిజోనాలో, ఒకటి దుబాయ్‌లో, ఒకటి మధురవాడ డాబా మీద. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానిమ్మకే ఇచ్చేశాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో, అరిజోనాలోని ఫీనిక్స్ దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. నేను ఏటా ఐదారు నెలలు అక్కడే ఉంటాను. పోయిన మే నెలలో పెరట్లో పడమటి గోడ పక్కన దానిమ్మ నాటాం. గొయ్యి తీస్తుంటే అడుగు లోతులో తెల్లటి రాయిలాంటి పొర తగిలింది, గునపం దిగలేదు, దాని మీదే కొత్త మట్టి, కంపోస్టు వేసి నాటేశాం. పొద్దున ఒక చెంబెడు, సాయంత్రం ఒక చెంబెడు తప్పకుండా పోశాను. జూలైకి ఆకుల అంచులు కాలినట్టయ్యాయి. ఇప్పుడు అమ్మాయి ఫోటో పంపింది, జనవరిలో ఒక్క ఆకు లేదు, పుల్లలే. చచ్చిపోయినట్టేనా? వినాయక చవితికి పత్రి కోసమైనా బతికితే చాలనుకున్నాను. (ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: అమ్మా, ముందు అమ్మాయికి ఫోన్ చేసి ఆ పుల్లల్ని పీకొద్దని చెప్పండి. దానిమ్మకి చలి తగిలితే ఆకు రాల్చుకుని నిద్రపోతుంది. మన విశాఖలో అంత చలి ఉండదు కాబట్టి ఇక్కడ ఏడాది పొడుగునా ఆకుతోనే కనిపిస్తుంది, అందుకే మనకి ఆ అలవాటు తెలియదు. ఫీనిక్స్‌లో డిసెంబరు, జనవరిల్లో రాత్రిళ్ళు బాగా చల్లబడతాయి, ఆకులు పసుపు తిరిగి రాలిపోతాయి. కొమ్మ మీద గోటితో చిన్నగా గీకి చూడమనండి. తొక్క కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, ఫిబ్రవరి చివర, మార్చిలో ఎర్రటి చిగుళ్ళు వస్తాయి. పైకొమ్మలు ఎండినా, మొదట్లో పచ్చదనం ఉంటే అక్కడి నుంచి పిలకలు లేస్తాయి. ఈ చెట్టు అంత మొండిది.

చలి గురించి భయం వద్దు. నిద్రలో ఉన్న దానిమ్మ సున్నా కంటే పది డిగ్రీలు కిందికి పోయినా తట్టుకోగలదు, ఫీనిక్స్‌లో అంత చలి పెట్టదు. మీ చెట్టుకి జరిగిన నష్టం చలి వల్ల కాదు, మూడు వేరే పనుల వల్ల. నాటిన నెల, ఆ తెల్ల రాయి, చెంబుతో నీళ్ళు.

నెల సంగతి ముందు. మనకి ఇక్కడ తొలకరిలో మొక్క పెట్టడం అలవాటు, వేసవి చివర గొయ్యి తీసి ఉంచి వాన పడగానే నాటేస్తాం. అక్కడ ఆ లెక్క పనికిరాదు. మేలో నాటితే మొక్క వేరు పట్టకముందే మంటల్లోకి వెళ్తుంది. 2023 వేసవిలో నేను మా అబ్బాయి దగ్గర ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఉన్నాను. ఆ ఏడు ఫీనిక్స్‌లో జూన్ ఆఖరి రోజు నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది, అర్ధరాత్రి గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలేది. ఆ వీధిలో ఆ వేసవికి ముందు పెట్టిన మొక్కలు చాలా పోయాయి, పాత దానిమ్మలు మాత్రం కాయలతో సహా నిలబడ్డాయి. తేడా అంతా వేళ్ళలోనే ఉంది. అక్కడ దానిమ్మ నాటడానికి మంచి కాలం అక్టోబరు, నవంబరు, లేకపోతే ఫిబ్రవరి, మార్చి. మళ్ళీ పెట్టాల్సి వస్తే ఈ నెలల్లోనే పెట్టండి.

ఇక ఆ తెల్ల రాయి. దాన్ని అక్కడ కలీచీ అంటారు. వేల ఏళ్ళుగా ఆ నేలలో సున్నం పేరుకుని సిమెంటులా గట్టిపడిన పొర అది, ఆ ప్రాంతంలో చాలా పెరళ్ళలో తగులుతుంది. వేరు దాన్ని చీల్చుకుని పోలేదు, అది పెద్ద సమస్యే, కానీ నీరు దిగకపోవడం ఇంకా పెద్ద సమస్య. నీరు పల్లమెరుగు అంటాం, అడ్డంగా రాయి ఉంటే పల్లానికి దారేది? మీరు కంపోస్టు కలిపిన మెత్తటి మట్టి ఆ రాతి మీద పోశారు కాబట్టి మీ గొయ్యి ఒక కుండీ అయిపోయింది, అడుగున చిల్లు లేని కుండీ. నాటే ముందు గొయ్యి నిండా నీళ్ళు నింపి ఇంకనివ్వాలి, మళ్ళీ నింపాలి. రెండోసారి పోసిన నీళ్ళు మర్నాటికీ నిలిచి ఉంటే అక్కడ చెట్టు పెట్టకూడదు, లేదా ఆ పొరని పూర్తిగా పగలగొట్టి కింద మట్టి తగిలే దాకా కనీసం ఒకచోట కంత చెయ్యాలి. అద్దెకి తెచ్చే డ్రిల్ మిషన్లు ఉంటాయి అక్కడ, అల్లుడు గారిని ఒక శనివారం కేటాయించమనండి. అదీ కుదరకపోతే నేల మీద ఇటుకలతో అడుగున్నర, రెండడుగుల ఎత్తున కట్టి, అందులో మట్టి పోసి నాటండి.

గొయ్యి లోతు, మొక్కతో వచ్చిన మట్టిముద్ద ఎంత ఉందో అంతే చాలు, వెడల్పు మాత్రం దానికి మూడింతలు ఉండాలి. లోపల ఆ ఊరి మట్టే తిరిగి నింపండి, కంపోస్టంతా పైన పరచండి. గోతిలో మంచి మట్టి, బయట చెడ్డ మట్టి ఉంటే వేళ్ళు ఆ గోతిలోనే చుట్టుకుంటాయి, బయటికి రావు.

నీళ్ళ దగ్గరికి వద్దాం, ఇది మీకే కాదు, ఎడారిలో చెట్టు పెంచే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. రోజూ రెండు చెంబులు పొయ్యడం ప్రేమే, కాదనను, కానీ ఆ నీళ్ళు మూడు అంగుళాలు కూడా దిగవు. ఆ మూడు అంగుళాల్లోనే వేళ్ళు మెలితిరుగుతాయి, ఆ పై మట్టే మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. పైగా ఆ ఎడారి ఊళ్ళ నీళ్ళల్లో ఉప్పు మనకన్నా ఎక్కువ. కొంచెం కొంచెం పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే మిగిలిపోతుంది, రోజు రోజుకీ పేరుకుంటుంది. మీరు చెప్పిన ఆకుల అంచులు కాలడం చాలావరకు ఈ ఉప్పు పనే. దానిమ్మ ఉప్పుకి ఒక మాదిరిగా ఓర్చుకునే చెట్టు, నిమ్మ, నారింజల కన్నా నయం, అయినా చిన్న మొక్క అంత భారం మొయ్యలేదు. మందు ఏమిటంటే మళ్ళీ నీళ్ళే, కాకపోతే ఒకేసారి, లోతుగా, ఉప్పుని వేళ్ళ కిందకి కడిగేసేలా.

ఎంత పొయ్యాలని లీటర్లలో చెప్పమంటే చెప్పలేను, మట్టిని బట్టి మారుతుంది. ఒక కొలత చెబుతాను. రెండు మూడడుగుల సన్నటి ఇనుప చువ్వ ఒకటి ఉంచుకోండి. నీళ్ళు పెట్టిన గంట, గంటన్నర తర్వాత మట్టిలోకి గుచ్చండి. తడిసినంత మేర సులువుగా దిగి, పొడి మట్టి దగ్గర ఆగిపోతుంది. ఎదిగిన చెట్టుకి రెండు నుంచి మూడడుగులు దిగాలి, మీ చిన్న మొక్కకి అడుగున్నర దిగితే చాలు. అంత దిగేదాకా పైపుని సన్నధారగా వదిలేసి మీ పని మీరు చూసుకోండి. తర్వాత పై రెండు మూడు అంగుళాలు పొడిబారే దాకా మళ్ళీ పొయ్యొద్దు. కొత్తగా నాటిన మొక్కకి మొదటి వేసవిలో రెండు మూడు రోజులకోసారి పడుతుంది, మూడేళ్ళ చెట్టుకి నడివేసవిలో కూడా వారానికి, పది రోజులకి ఒకసారి చాలు, చలికాలంలో నెలకి ఒకటి రెండుసార్లు. పాదు మొదలు చుట్టూ కాకుండా కొమ్మల చివర నీడ ఎక్కడ పడుతుందో అంత వెడల్పున చెయ్యండి, చెట్టు పెరిగే కొద్దీ పాదూ పెరగాలి. పాదు నిండా నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులో చెక్క పొట్టో పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో పెరడంతా కంకర పరుస్తారు, చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది కానీ అది వేడిని పట్టి ఉంచుతుంది, చెట్టు పాదులో అది వద్దు.

పడమటి గోడ పక్కన పెట్టానన్నారు, అది కూడా ఇబ్బందే. సాయంత్రం ఎండ ఒక పక్క, గోడ నుంచి కొట్టే సెగ ఇంకో పక్క. కాండానికి సున్నం పూయండి, మన కొబ్బరి చెట్లకి పూసినట్టే. అక్కడ తెల్ల పెయింటు నీళ్ళతో సగానికి సగం కలిపి పూస్తారు, అదీ మంచిదే. మార్చిలో చిగురొస్తే రెండేళ్ళు కాయలు ఆశించకండి, పూసిన పూలు గిల్లేసి వేరు పట్టనివ్వండి. మీ వినాయకుడికి దాడిమీ పత్రం మాత్రం ఈ చవితికే అందుతుంది, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆకు నిండుగా ఉంటుంది కదా.

ప్రశ్న: మా ఇంట్లో, గాజువాకలో, నాయనమ్మ పెట్టిన దానిమ్మ ఉంది. ఆ కొమ్మ ఒకటి కోసి మా అన్నయ్యకి అమెరికా పంపాలని ఉంది, తడిగుడ్డలో చుట్టి సూట్‌కేసులో పెడితే బతుకుతుందా? (డిగ్రీ విద్యార్థిని, గాజువాక)

జవాబు: బతుకుతుంది, పెన్సిల్ లావున్న ముదురు కొమ్మ జానెడు ముక్క చాలా రోజులు ఓర్చుకుంటుంది. కానీ పంపొద్దమ్మా. పర్మిట్, తనిఖీ పత్రం లేకుండా నాటే మొక్కలు, కొమ్మలు ఆ దేశంలోకి తీసుకెళ్ళనివ్వరు. చెప్పకుండా తీసుకెళ్తే తీసేసుకుని జరిమానా వేస్తారు. ఇది ఊరికే పెట్టిన రూలు కాదు. మన దానిమ్మ తోటల్ని పీడించే బాక్టీరియా తెగులు కంటికి కనపడకుండా అలాంటి కొమ్మ ముక్కలతోనే ఊళ్ళు దాటుతుంది. మన రాష్ట్రాల్లోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి అంట్లతో పాటు వెళ్ళింది.

మీ అన్నయ్యని అక్కడి నర్సరీలోనే కొనుక్కోమనండి. ఎక్కువగా దొరికేది వండర్‌ఫుల్ అనే రకం, 1896 నుంచి కాలిఫోర్నియాలో ఉంది, చెట్టు గట్టిది, కాయ పెద్దది, కానీ మన నోటికి పులుపు తగులుతుంది, గింజ కూడా గట్టి. మన దగ్గర పండే భగవా రకం తిన్న నోటికి దగ్గరగా కావాలంటే పర్ఫియాంకా అని అడగమనండి, తుర్క్‌మెనిస్తాన్ నుంచి వెళ్ళిన రకం, గింజ మెత్తన. ఏంజెల్ రెడ్ కూడా మెత్తటి గింజే. ఒక్క చెట్టు చాలు, తన పూలతో తనే కాస్తుంది. నాయనమ్మ చెట్టు కొమ్మ ఇంకో కుండీలో ఇక్కడే పెట్టు, డిసెంబరు, జనవరిల్లో పెడితే బాగా వేరు వస్తుంది. ఆయన ఇంటికొచ్చినప్పుడు చూసుకుంటారు.

ప్రశ్న: నేను పెందుర్తివాణ్ణి, దుబాయ్‌లో ఒక విల్లాలో డ్రైవరుగా పని చేస్తున్నాను. మా ఓనరు పెరట్లో ఏడెనిమిదేళ్ళ దానిమ్మ ఉంది, చూసుకునే పని నాకే అప్పగించారు. కాయలు బాగానే నిలుస్తాయి. పండే ముందు మాత్రం సగం పగిలిపోతున్నాయి, మిగిలినవాటికి ఒక వైపు చెంప కాలినట్టు గోధుమరంగు వస్తుంది. బోరాన్ లోపమని ఒకరన్నారు, స్ప్రే చెయ్యమంటారా? కాయలు పోతే నాకు మాట వస్తుందని టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, పెందుర్తి)

జవాబు: తమ్ముడూ, స్ప్రే ఆపు. మన దేశంలో కాయ పగిలితే బోరాన్ లోపం కూడా ఒక కారణమని చెబుతారు, నిజమే, లీటరుకి రెండు గ్రాముల బోరాక్స్ కొట్టమంటారు. కానీ ఎడారి ప్రాంతాల్లో నీళ్ళల్లో, మట్టిలో బోరాన్ ముందే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ఎక్కువైతే అది విషమే. మట్టి పరీక్ష చేయించకుండా దాని జోలికి వెళ్ళకు.

కాయ ఎందుకు పగులుతుందో ఒకసారి మనసులో ఊహించు. వేసవంతా ఎండకి, వేడిగాలికి తొక్క బిగుసుకుపోయి తోలులా అయిపోతుంది. లోపల గింజలు పెరుగుతూనే ఉంటాయి. నాలుగైదు రోజులు నీళ్ళు తక్కువై, తర్వాత ఒక్కసారిగా ఎక్కువ పడితే గింజలు గబగబా ఉబ్బుతాయి, తొక్క సాగలేదు, చిట్లిపోతుంది. నీ చెట్టుకి ఎప్పుడు నీళ్ళు పడుతున్నాయో గుర్తు చేసుకో. ఓనరు కుటుంబం ఊరెళ్ళినప్పుడో, నీకు డ్యూటీ ఎక్కువైనప్పుడో మానేసి, తిరిగి వచ్చాక బాధపడి పైపు వదిలేసి ఉంటావు. అందరూ చేసేదే. డ్రిప్ పెట్టించుకో, టైమరు ఉన్నది, ఖర్చు పెద్దగా కాదు, ఓనరు కాదనరు. పూత నిలిచిన దగ్గర్నుంచి కాయ కోసే దాకా తడి ఒకే తీరుగా ఉండాలి. ఆరిపోయిందని నీకు తెలిసిన రోజున కూడా ఒకేసారి ముంచేయకు, రెండు మూడు విడతలుగా ఇవ్వు.

పైన నేను ఫీనిక్స్ అమ్మగారికి పది రోజులకోసారి అన్నాను, అది చదివి నువ్వు అలా చెయ్యొద్దు. రెండూ ఎడారులే అయినా నేల వేరు. అక్కడ నీరు దిగదు, నీ దగ్గర ఇసుక, పోసింది పోసినట్టు కిందికి జారిపోతుంది. ఇసుకలో తడి నిలవాలంటే పశువుల ఎరువు, కంపోస్టు ఉండాలి, ఏటా చలికాలంలో చెట్టుకి పది కిలోలు పాదులో కలుపు, పైన ఖర్జూరపు మట్టలు నరికి పరచు, అక్కడ వాటికి కొదవ ఉండదు. వేసవిలో రెండు మూడు రోజులకోసారి నీళ్ళు పడతాయి. నెలకొక్కసారి మామూలు కన్నా రెండింతలు వదులు, ఉప్పు కిందికి పోతుంది. బోరు నీళ్ళు వాడుతుంటే మాత్రం నోట్లో చుక్క వేసుకుని చూడు, ఉప్పగా తగిలితే ఆ నీళ్ళు మానేసి పంపు నీళ్ళే పెట్టు.

ఇంకొక తేడా కూడా ఉంది. ఫీనిక్స్ సముద్రానికి దూరం, వేసవి మొదట్లో గాలి పొడిగా ఉంటుంది. దుబాయ్‌ది ఎడారి నేల, గాలి మాత్రం మన బీచ్ రోడ్డు గాలి లాంటిదే. ఆగస్టు, సెప్టెంబరుల్లో పగలు మాడ్చి, రాత్రి చెమ్మతో తడిపేస్తుంది. కాయకి ఆ మార్పే చాలు పగలడానికి. నీళ్ళు సరిగ్గా పెట్టినా పది కాయల్లో ఒకటో రెండో పగులుతాయి, ఓనరుకి ముందే చెప్పు, అది నీ తప్పు కాదు.

చెంప కాలడం ఎండ దెబ్బ. పడమర, దక్షిణం వైపు కాయలకే వస్తుందో లేదో చూడు. ఎవరో అందంగా ఉండాలని కొమ్మలు గుండ్రంగా కత్తిరించి ఉంటారు, కాయలు బయటపడిపోయి ఉంటాయి. దానిమ్మకి ఆకే గొడుగు. ఆ వైపు కొమ్మలు ముట్టుకోకు. ఈ ఏడాదికి కాయ నిమ్మకాయంత అయ్యాక తెల్ల కాగితపు సంచి తొడుగు, లేకపోతే ఏప్రిల్ నుంచి పడమర వైపు షేడ్ నెట్ కట్టు, ముప్పై, నలభై శాతం నీడ ఇచ్చేది చాలు, అంతకన్నా చిక్కనిది కడితే పూత తగ్గుతుంది. ప్లాస్టిక్ సంచులు మాత్రం తొడగొద్దు, లోపల కాయ ఉడికిపోతుంది.

ప్రశ్న: మొక్క నిండా ఎర్రటి పూలు, ఒక్కటీ నిలవట్లేదు, అన్నీ రాలిపోతున్నాయి. ఏం మందు కొట్టాలి? (సింహాచలం నుంచి ఒకరు, భీమిలి నుంచి ఇంకొకరు)

జవాబు: ముందు రాలిన పూలు అరచేతిలో వేసుకుని చూడండి. అడుగున సన్నగా, గంటలా ఉన్నవి మగపూలు. అడుగున బొద్దుగా, చిన్న కూజాలా ఉన్నవే కాయలయ్యేవి. మగపూలు రాలడం వాటి ధర్మం, చెట్టు మీద వాటి సంఖ్యే ఎక్కువ. రాలినవన్నీ గంటలే అయితే మందు అక్కర్లేదు. కూజాలు కూడా రాలుతుంటే నీళ్ళు హెచ్చుతగ్గులవుతున్నాయి, లేదా యూరియా ఎక్కువ వేశారు, లేదా చెట్టు మీద నీడ పడుతోంది. పూత మీద ఉండగా పురుగు మందులు కొట్టకండి, తేనెటీగలు రావడం మానేస్తాయి.

ప్రశ్న: మీరు దానిమ్మ ఎడారి చెట్టు అన్నారు. మా డాబా మీద ఎండకి తక్కువేమీ లేదు, పొద్దున్నించి సాయంత్రం దాకా మండిపోతుంది. అయినా ఆకుల మీద నూనె చుక్కల్లాంటి మచ్చలు వచ్చి నల్లబడుతున్నాయి, కాయ మీద నల్లటి మచ్చలు వచ్చి నక్షత్రంలా పగులుతోంది. 2022లో నర్సరీలో భగవా అంటు అని చెప్పి అమ్మారు. ఇంకా ఉంచాలా, తీసేయాలా? (ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: తీసేయకండి, కానీ మన ఊరి గాలి ఎలాంటిదో ఒప్పుకుని పెంచాలి. దానిమ్మకి కావలసింది ఎండ ఒక్కటే కాదు, పొడి గాలి కూడా. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల లోపు వాన పడుతుంది. మన రాష్ట్రంలో దానిమ్మకి పేరున్న అనంతపురంలో సుమారు 550. విశాఖలో వెయ్యికి పైనే, అదీ జూన్ నుంచి నవంబరు దాకా సాగుతుంది, వాన లేని రోజున కూడా సముద్రపు చెమ్మ. మీరు చెప్పిన నూనె మచ్చలు బాక్టీరియా తెగులు. తడి ఆకు, ముప్పై డిగ్రీల వేడి, రెండూ కలిస్తే అది విజృంభిస్తుంది, మనకి ఐదు నెలలు అదే వాతావరణం. రాజస్థాన్‌లో బార్మేర్, జాలోర్ లాంటి ఎడారి జిల్లాల్లో ఇప్పుడు డ్రిప్ పెట్టి ఇదే భగవా పండిస్తున్నారు, పొడిగాలి వాళ్ళకి పెద్ద బలం. మనకి ఆ బలం లేదు.

ముందు శుభ్రం. మచ్చ ఉన్న ఆకులు, కాయలు, కొమ్మలు అన్నీ కోసి, కింద రాలినవి కూడా ఏరి కాల్చెయ్యండి, కంపోస్టులో వెయ్యకండి. కత్తెరని ప్రతి కోతకీ డెట్టాల్ నీళ్ళల్లో ముంచండి. కోసిన చోట్ల బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాసి, తర్వాత లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి సాయంత్రం పూట చల్లండి, వర్షాకాలంలో పదిహేను రోజులకోసారి. ఆకుల మీద నీళ్ళు కొట్టడం పూర్తిగా మానెయ్యండి, పైపుతో చెట్టుకి స్నానం చేయిస్తే మనకి హాయిగా అనిపిస్తుంది కానీ తెగులు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి ఆ నీళ్ళతోనే పాకుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఇది డాబా మీద కుండీలో ఉన్నవాళ్ళకి మాత్రమే కుదిరే పని. పూత ఎప్పుడు రావాలో మనం నిర్ణయించుకోవచ్చు. దానిమ్మకి మూడు పూతకాలాలు, జనవరి, ఫిబ్రవరిల్లో పూస్తే అంబే బహార్, జూన్, జూలైల్లో మృగ బహార్, సెప్టెంబరు, అక్టోబరుల్లో హస్త బహార్. పూసిన ఐదారు నెలలకి కాయ పండుతుంది. లెక్క వేసి చూడండి. జనవరిలో పూసిన పూత మన దగ్గర జూలై వానల్లో పండాలి, మచ్చలకి ఎదురెళ్ళినట్టే. అక్టోబరులో పూస్తే మార్చిలో కోస్తాం, గాలి కాస్తో కూస్తో పొడిగా ఉండే కాలం. విశాఖలో నేను హస్త బహార్ తప్ప ఇంకోటి చెప్పను.

దానికోసం చెట్టుని బెట్ట పెట్టాలి, అంటే నీళ్ళు ఆపాలి. నేల మీద చెట్టుకి సెప్టెంబరులో నీళ్ళు ఆపినా వాన ఆగదు. కుండీని మాత్రం మెట్ల గది చూరు కిందికో, షీటు కిందికో జరపొచ్చు, ఎండ తగలాలి, వాన తగలకూడదు. ఆగస్టు ఆఖరులో జరిపి మూడు వారాలు నీళ్ళు తగ్గించండి. ఆకులు మరీ ముడుచుకుంటే ఒక చెంబు ఇవ్వండి, చంపెయ్యకూడదు. ఆకు పసుపు తిరిగి రాలడం మొదలెట్టాక కొమ్మల చివర్లు జానెడు కత్తిరించండి, మొదట్లోని పిలకలన్నీ తీసేసి మూడు నాలుగు కాండాలు ఉంచండి. పైమట్టి రెండంగుళాలు గుల్ల చేసి గత్తం, రెండు గుప్పిళ్ళ వేపపిండి వేసి నీళ్ళు పెట్టండి, మొదటిరోజు కొంచెం, తర్వాత కొంచెం ఎక్కువ, అలా. మూడు నాలుగు వారాల్లో చిగురుతో పాటు పూత వస్తుంది. అక్టోబరులో తుఫాను వార్త వింటే కుండీలన్నీ గోడ వారకి చేర్చి ఒకదానికొకటి కట్టెయ్యండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పెరట్లో దానిమ్మ పక్కకి ఒరిగిపోయింది, ఉప్పు గాలికి ఉన్న ఆకంతా మాడిపోయింది. మొదలంటా కోసేశాను. మర్నాటి ఏడాదికి పిలకల నుంచే మళ్ళీ లేచింది, ఇప్పటికీ ఉంది, చవితికి మా వీధి వాళ్ళంతా ఆకు కోసుకెళ్ళేది దాని నుంచే.

కుండీ ఎంత అని మీరు రాయలేదు. ఇరవై లీటర్ల బకెట్టులో ఉంటే మార్చండి, పెద్ద డ్రమ్ము సగానికి కోసింది ఉంటే మంచిది, అడుగున చిల్లులు ఎక్కువ పెట్టి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, గత్తం ఒకటి, ఇసుక ఒకటి. కాయలకి పూలరేకులు రాలాక పలచటి గుడ్డ సంచులు కట్టండి, కాయతొలుచు పురుగు సీతాకోకచిలుక వచ్చి గుడ్డు పెట్టేది లేత కాయ మీదే. ఆ పురుగు లోపలికి దూరాక ఏ మందూ పనిచెయ్యదు. ఇక మీది నిజంగా అంటు మొక్కేనా అన్న అనుమానం నాకూ ఉంది, మచ్చలు మొదటి ఏడు నుంచే ఉన్నాయంటే తెగులు నర్సరీ నుంచే వచ్చి ఉండొచ్చు. ఇలా రెండు హస్త బహార్లు చూడండి. అప్పటికీ కొమ్మల మీద నల్ల చారలు వచ్చి గణుపుల దగ్గర విరిగిపోతుంటే మాత్రం ఆ మొక్కనీ మట్టినీ వదిలేసి, ఆకు మీద ఒక్క మచ్చ లేని కొత్త అంటు తెచ్చుకోండి.

ప్రశ్న: కాయ ఎప్పుడు కోయాలో తెలియట్లేదు. ఎర్రగా ఉందని కోస్తే లోపల పులుపు, ఆగితే లోపల నల్లబడుతోంది. (ఒక పాఠకురాలు, ఎన్.ఎ.డి. దగ్గర నుంచి, చెట్టు కొడుకు ఇంట్లో, అరిజోనాలో)

జవాబు: రంగు చూసి కోయకండమ్మా, ఎండ తగిలిన వైపు ముందే ఎరుపెక్కుతుంది. దానిమ్మ కోశాక పండదు, మామిడికాయలా గడ్డిలో వేసే పని లేదు, కాబట్టి చెట్టు మీదే పండాలి. గుండ్రంగా ఉన్న కాయ పండే కొద్దీ పలకలు తేలుతుంది, పక్కలు కాస్త చదునవుతాయి. కింద కిరీటంలా ఉన్న రేకులు లోపలికి ముడుచుకుంటాయి. వేలితో కొడితే టంగుమని లోహం మీద కొట్టిన చప్పుడు వస్తుంది. అరిజోనాలో సెప్టెంబరు నుంచి నవంబరు లోపల ఇవన్నీ కనిపిస్తాయి. లాగి పీకకండి, తొడిమ దగ్గర కత్తెరతో కోయండి.

లోపల నల్లబడేది బూజు. పూత మీద ఉండగానే లోపలికి చేరుతుంది, లేదా అక్కడ ఉండే ఒక గోధుమరంగు నల్లి, వెనక కాళ్ళు ఆకులా వెడల్పుగా ఉంటాయి, అది తొక్కలోకి గుచ్చినప్పుడు ఆ కన్నం గుండా చేరుతుంది. బయటికి తెలియదు, కానీ అలాంటి కాయ అంతే సైజున్న కాయ కన్నా తేలిగ్గా ఉంటుంది, రంగు కొంచెం పాలిపోతుంది, చేతిలో పట్టుకుని తూచి చూస్తే రెండు మూడు కాయలకే మీకు తెలిసిపోతుంది. కోత అయ్యాక చెట్టు మీద ఎండిపోయి వేలాడే పాత కాయలు ఒక్కటీ ఉంచొద్దని అబ్బాయికి చెప్పండి. చలికాలంలో ఆ నల్లులు చేరే చోట్లలో అవీ ఒకటి, జనవరిలో ఆకు రాలి కొమ్మలు ఖాళీగా ఉన్నప్పుడు అవి బాగా కనిపిస్తాయి, ఒక నిచ్చెన వేసుకుంటే గంటలో పని అయిపోతుంది.